ముందు కాయితం ఉన్నదా?

పరకాల దగ్గర మా మేనమామ వాళ్లది పాత గూనపెంకుల ఇల్లు. ఆ ఇంట్లో చిన్నప్పటి నుంచీ నా కళ్లు రెండు వస్తువుల మీదే ఉండేవి. ఒకటి పశువుల కొట్టంలో గడ్డిమోపుల వెనక నిలబెట్టిన యెజ్డీ 250, మామ 1978లో కొన్నది. రెండోది నడిమింట్లో గోడకు రెండు మేకుల మీద అడ్డంగా పెట్టిన భర్మార్ తుపాకీ, అంటే గొట్టం మూతి నుంచి మందూ గుండ్లూ కూరే పాత రకం. అది తాతది. మక్కచేను మీద పడే అడవి పందులను బెదిరించడానికి ఆయన ఎప్పుడో లైసెన్సు తీసుకున్నాడు. తాత పోయాడు, మామకు మోకాళ్లు పోయాయి, బండీ తుపాకీ ఎక్కడివక్కడే దుమ్ము పట్టాయి. ఇంటికి సున్నాలు వేయించే ముందు మామ ఫోన్ చేసి, "అల్లుడా, నీకు పాత సామాన్ల పిచ్చి కదా, ఏది కావాల్నో వచ్చి తీస్కపో" అన్నాడు.

నేనూ మా బావమరిదీ ట్రాలీ ఆటో మాట్లాడుకొని పోయాం. బండిని బయటికి లాగాక వాడు గోడ వైపు చూసి, "బావా, గిది గూడ సాఫ్ చేసి ఒక్కసారి పేల్చి సూద్దామా?" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. రెండూ పాత ఇనుమే. రెండింట్లోనూ స్ప్రింగులు, స్క్రూలు, నూనె అడిగే కీళ్లు. ఒకదాన్ని బాగు చేయొచ్చంటే రెండోదాన్ని ఎందుకు చేయకూడదు?

ఈ రెండు సరదాలూ ఒకటే అనుకోవడానికి చరిత్రలో గట్టి కారణమే ఉంది, ముందు అది చెప్తాను. మనం బుల్లెట్ అని పిలుచుకునే బండి చేసే రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీకి ఆ ఇంటిపేరు తుపాకుల నుంచే వచ్చింది. ఇంగ్లండ్‌లో ఎన్‌ఫీల్డ్ అనే ఊళ్లో ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీ ఉండేది. రెడిచ్‌లో సైకిళ్లు చేసే ఒక కంపెనీకి 1893 ప్రాంతంలో ఆ ఫ్యాక్టరీ నుంచి రైఫిల్ భాగాల ఆర్డర్ వచ్చింది, ఆ సంబరంలో తన సైకిళ్లకు ఎన్‌ఫీల్డ్ అని పేరు పెట్టుకుంది, తర్వాత రాయల్ కూడా చేర్చుకుంది. ఫిరంగి బొమ్మ, తుపాకీలా తయారైంది అనే నినాదం అక్కడివే. బీఎస్‌ఏ అనే ఇంకో ఇంగ్లండ్ బండ్ల కంపెనీకైతే పేరులోనే తుపాకీ ఉంది, బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకులు చేసేవాళ్లు కలిసి పెట్టుకున్న కంపెనీ అది, దాని గుర్తు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు రైఫిళ్లు. బెల్జియం ఎఫ్‌ఎన్ కంపెనీ 1889లో పుట్టిందే లక్షా యాభై వేల మౌజర్ రైఫిళ్లు చేసివ్వడానికి, కొన్నేళ్లకే మోటార్‌సైకిళ్లలోకి దిగింది. మామ యెజ్డీకి తాత వరస అయ్యే చెక్ దేశపు జావా సంగతీ అంతే. ప్రాగ్‌లో ఆయుధాల వ్యాపారం చేసే యానెచెక్ 1929లో వాండరర్ అనే జర్మన్ కంపెనీ మోటార్‌సైకిల్ హక్కులు కొన్నాడు, తన పేరులోని మొదటి ముక్క, దాని పేరులోని మొదటి ముక్క కలిపితే జావా అయింది. ఆ జావాయే 1961లో మైసూరులో అడుగు పెట్టి, తర్వాత యెజ్డీగా పేరు మార్చుకుంది.

ఎందుకిలా జరిగిందంటే పని ఒకటే కాబట్టి. తుపాకీ గొట్టాన్ని లోపల నున్నగా, వెంట్రుకవాసి తేడా లేకుండా తొలిచే మెషీన్ ఉన్నవాడికి సిలిండర్ తొలవడం కొత్త విద్య కాదు. యుద్ధం లేనప్పుడు ఆర్డర్లు ఉండవు, మెషీన్లకూ మనుషులకూ ఏదో ఒక పని కావాలి, ఆ పని సైకిళ్లూ మోటార్‌సైకిళ్లూ అయింది. మనవైపు ఇనుము పిచ్చి కూడా నిన్నమొన్నటిది కాదనుకోండి, నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వ్యాపారులు ఇంత దూరం వచ్చేవాళ్లు. కాబట్టి పాత బండి ఇంజన్ విప్పి మురిసిపోయే మనిషికి పాత తుపాకీ చూస్తే చెయ్యి దురద పెట్టడం సహజం. చిక్కు ఎక్కడంటే, చేతికి ఒకటిగా కనిపించేవి చట్టానికి ఒకటి కావు. వేరు వేరు అని ఊరుకుంటే సరిపోదు, ఒకదానికొకటి పూర్తిగా తలకిందులు.

బండి సంగతి ముందు చూద్దాం. వరంగల్‌లో నాకు తెలిసిన ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు, అందరం చాచా అంటాం, టూ స్ట్రోక్ ఇంజన్ శబ్దం ఫోన్‌లో వినిపించినా రోగం చెప్పేస్తాడు. యెజ్డీని ఆయన షెడ్డు ముందు దింపితే చూడనైనా చూడకుండా, "ఇంజన్ సంగతి తర్వాత బిడ్డా. ముందు కాయితం ఉన్నదా?" అన్నాడు. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. ఇప్పుడు ఎవరు పాత బండి కొంటానన్నా నేను అడిగే మొదటి ప్రశ్న అదే.

పదిహేనేళ్లు దాటితే బండి తుక్కే అని మనలో చాలామంది భయపడుతుంటారు. అది ఢిల్లీ లెక్క, అక్కడ పెట్రోల్ బండ్లకు పదిహేనేళ్ల హద్దు కోర్టుల నుంచి వచ్చింది. మన దగ్గర సొంత వాడకపు బండికి ఆర్‌సీ పదిహేనేళ్లు నడుస్తుంది, తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఖర్చు మాత్రం పెరుగుతూ పోతోంది. బైకు రెన్యువల్ ఫీజు 300 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 1,000 అయింది, ఇరవై ఏళ్లు దాటిన బైకులకు 2025 ఆగస్టులో 2,000 చేశారు. ఇంతవరకూ మింగుడు పడేదే. అసలు తలనొప్పి, మామ బండిలాగా ముప్పై ఏళ్లు రెన్యువలే లేకుండా పడి ఉన్నవాటితో. వాటి వివరాలు పాత చేతిరాత రిజిస్టర్లలో ఉంటాయి, కంప్యూటర్లోకి ఎక్కి ఉండవు. వరంగల్‌కు ఏపీ 36 రాకముందు, మూడు ఇంగ్లిష్ అక్షరాలూ నాలుగు అంకెలూ ఉండే నంబర్ల కాలం అది. ఆ రిజిస్టర్లో మీ పేజీ దొరికితే బండి బతికినట్టు, దొరక్కపోతే ఎంత గొప్పగా తయారు చేసినా షెడ్డులో బొమ్మే. ఓనర్ బతికి ఉంటే ఫారం 29, 30 మీద సంతకాలు పెడతాడు. చనిపోతే ఫారం 31, వారసత్వ కాగితాలు. ఓనర్ ఎవరో తెలియని బండి అయితే, ఎర్రగడ్డ అంగడిలో ఎంత చవగ్గా దొరికినా వదిలెయ్యండి. దొంగబండి ఇంజన్‌కు మీరు రంగు వేస్తూ కూర్చున్నట్టు అవుతుంది.

మరి వింటేజ్ నంబర్ సంగతి? 2021 జులైలో కేంద్రం దానికి విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు నిండి ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే 20,000, తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌కు 5,000, పదేళ్లు చెల్లుతుంది. నంబర్ ప్లేట్ మీద రాష్ట్రం కోడ్ పక్కన వీఏ అని వస్తుంది, ముందే రిజిస్టరైన బండి అయితే పాత నంబరే ఉంచుకోవచ్చు. వినడానికి బాగానే ఉంటుంది కానీ అసలు షరతు వేరే ఉంది. ఆ బండి మీద రోజూ ఆఫీసుకు పోవడం కుదరదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోల్ కొట్టించడానికి, రిపేరుకు, అంతే. నా మాట అడిగితే, మామూలు ఆర్‌సీ బతికున్న బండిని వింటేజ్‌లోకి మార్చాల్సిన తొందర ఎవరికీ లేదు. యెజ్డీకి ఎలాగూ 2028 దాకా ఆ వయసే రాదు.

కాయితం కుదిరాకే చాచా పానా పట్టుకున్నాడు. పిస్టన్ సిలిండర్లో అతుక్కుపోయి ఉంది. ప్లగ్ రంధ్రంలోంచి డీజిల్ పోసి తొమ్మిది రోజులు ముట్టుకోవద్దన్నాడు. నేను నాలుగో రోజే పోయి కిక్కు మీద కాలు వేయబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చాడు. యెజ్డీకి కిక్కూ గేరూ ఒకే రాడ్డు, లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, మళ్లీ కిందికి దించితే గేరు. దాన్ని బలంగా తంతే పిస్టన్ కదలదు సరికదా లోపల పళ్లు రాలతాయి. తొమ్మిదో రోజు ఆయన ఆ రాడ్డును అరచేత్తో, పసిపిల్లవాడి కాలు పట్టుకున్నట్టు పట్టుకొని ఆడిస్తుంటే, ఎక్కడో లోపల చిన్నగా టక్కుమంది. ఆ శబ్దం కోసమే మనుషులు ఈ పిచ్చిలో పడతారనుకుంటా. తర్వాత మామూలే. బోర్ కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించడం, గట్టిపడిపోయిన క్రాంక్ ఆయిల్ సీళ్లు మార్చడం, పాయింట్లు గీకి గ్యాప్ పెట్టడం, ట్యాంకులో నట్లు వేసి తుప్పు రాలేదాకా ఊపడం. టూ స్ట్రోక్ కాబట్టి పెట్రోల్‌లోనే లీటరుకు 40 మి.లీ. దాకా ఆయిల్ కలపాలి. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ ఇరవై శాతం దాకా ఉంటోంది, అది పాత రబ్బరును ఉబ్బిస్తుంది, గాల్లో తేమను పీల్చుకుంటుంది. అందుకని పైపులు, కార్బురేటర్ వాషర్లు కొత్త రకం వేయాలి, బండిని నెలల తరబడి నిలబెట్టాలనుకుంటే ట్యాంకు ఖాళీ చేయాలి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను, ఇంకెవరూ చేయకుండా. ఫ్రేమ్‌కు ఇసుక కొట్టించి పౌడర్ కోటింగ్‌కు ఇచ్చేటప్పుడు, చాసిస్ నంబర్ ఉన్న చోట టేపు వేయమని చెప్పడం మర్చిపోయాను. ఫ్రేమ్ అద్దంలా మెరుస్తూ వచ్చింది, నంబర్ మాత్రం రంగు కింద పూడుకుపోయింది. ఆఫీసులో ఆ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు కదా, రుద్దితే నల్లటి మచ్చ తప్ప ఒక్క అంకె పడలేదు. నంబర్ చెరిపేసిన బండి అని అనుమానం వస్తే ఇక ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. థిన్నర్‌లో ముంచిన గుడ్డతో, ఇనుము గీరుకోకుండా, రెండు సాయంత్రాలు కూర్చుని ఆ అంకెలు బయటికి తీశాను. అంత మెరుపు అవసరమే లేదని ఆ తర్వాత అర్థమైంది. ట్యాంకు మీద మామ మోకాలు రుద్దుకొని రంగు పోయిన చోటు అలాగే ఉంచాను.

ఇప్పుడు గోడ మీది దానికి వద్దాం.

1959 ఆయుధాల చట్టంలో పాతవాటికి ఒక మినహాయింపు ఉంది, 45వ సెక్షన్‌లో. కాలం చెల్లిన రకానివి, పురావస్తు విలువ ఉన్నవి, పాడైపోయినవి అయితే చట్టం వర్తించదు. మా బావమరిది ఫోన్‌లో ఇంతవరకే చదివి ఎగిరి గంతేశాడు. వాక్యం అక్కడితో ఐపోలేదు. రిపేరు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలి అని ఉంది. ఆ 'రిపేరు చేసినా' అన్న దగ్గర ఆగి ఆలోచించండి. పాత బండి పిచ్చోళ్ల మతమంతా ఒకే మాట మీద నిలబడింది కదా, 'రిపేరు చేస్తే నడుస్తది' అని. సరిగ్గా ఆ మాటే తుపాకీ విషయంలో మిమ్మల్ని చట్టం కిందికి తెస్తుంది. ఇప్పుడు పేలకపోవడం చాలదు, ఇంక ఎన్నటికీ పేలకూడదు.

శిక్షల లెక్క చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 2019 సవరణ తర్వాత, లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే మామూలుగా రెండేళ్ల నుంచి ఐదేళ్లు. అదే తుపాకీని లైసెన్సు లేకుండా రిపేరు చేస్తే, మార్పులు చేస్తే, తయారీతో కలిపి ఒకే గాటన కట్టి ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. ఉంచుకోవడం కన్నా బాగుచేయడం పెద్ద నేరం అన్నమాట! బండిని బాగుచేస్తే విలువ పెరుగుతుంది, తుపాకీని బాగుచేస్తే మీ జైలు పెరుగుతుంది. ఊరి లేత్ మెషీన్ మీద సరదాగా చిన్న స్ప్రింగు చేయించినా, ఆ లేత్ వాణ్ణి కూడా ఇందులోకి లాగినట్టే.

క్యూరియో, అంటే అపురూపంగా దాచుకునే పాత వస్తువు, అనే ఇంకో మాట ఉంది. ఆ కోవలోకి వచ్చే పాత తుపాకులను ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని 2020 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు సవరించింది. కానీ బయటికి తీసుకుపోవాలన్నా, వాడాలన్నా లైసెన్సు కావాలి, లైసెన్సులో ఎక్కించకుండా మందుగుండు అమ్మరు. మన గోడ మీదిది క్యూరియో అవునో కాదో మనకు మనం తేల్చుకునేది కూడా కాదు.

మరి లైసెన్సు తీసుకొని సేకరిస్తే? ఇక్కడే ఈ సరదా మన దేశంలో చతికిలబడుతుంది. లైసెన్సు అడగడానికి ప్రాణభయం, ఆట, పంట రక్షణ లాంటి కారణం ఉండాలి. తాత తీసుకున్నట్టు పంట కోసం మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు అనేది చట్టంలోనే రాసి ఉంది. నాకు తుపాకులంటే ఇష్టం సార్, వరసగా పేర్చుకుంటాను అంటే ఏ కమిషనరేట్‌లోనూ, ఏ కలెక్టరేట్‌లోనూ తల ఊపరు. ఊపినా, ఒక మనిషికి మూడు తుపాకుల హద్దును 2019లో రెండుకు తగ్గించారు, వారసత్వంగా వచ్చినా రెండే. రెండు వస్తువులతో కలెక్షన్ ఏమిటి? విదేశీ తుపాకుల దిగుమతి 1980ల మధ్య నుంచి మామూలు జనానికి మూసుకుపోవడంతో, అంతకు ముందు వచ్చిన పాత వెబ్లీ రివాల్వర్ లాంటివి లక్షల్లో పలుకుతాయి. త్రీనాట్‌త్రీ, అంటే పాత ఎన్‌ఫీల్డ్ రైఫిల్ అయితే ప్రొహిబిటెడ్ బోర్, మామూలు జనానికి నిషేధించిన రకం, కేంద్ర హోం శాఖ దాకా పోవాల్సిన వ్యవహారం. ఎన్‌ఫీల్డ్ పేరున్న బండి మీద హన్మకొండ చౌరస్తాలో దర్జాగా తిరగొచ్చు, అదే పేరున్న రైఫిల్ మాత్రం ఇంట్లో ఉండకూడదు. లైసెన్సు ఉన్నవాళ్లకూ సుఖం తక్కువే. ఎలక్షన్ కోడ్ వచ్చిందంటే స్టేషన్‌లో అప్పగించి రావాలి. పెళ్లి బరాత్‌లో గాల్లోకి ఒక్కటి పేల్చారంటే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ.

చట్టం మాట పక్కన పెట్టినా, మా దిక్కు తుపాకీని హాబీ అనడానికి నోరు రాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ. దాని తర్వాత 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించే దాకా, మళ్లీ నక్సలైట్ల కాలంలో, ఊళ్లల్లో తుపాకీ ఎవరి చేతిలో ఉందన్నదే రాత్రి ఎవరింట్లో నిద్ర పడుతుందో తేల్చేది. మామ ఇప్పటికీ ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గిస్తాడు. ఉత్తరాదిలో తుపాకీ భుజాన వేసుకొని ఫొటో దిగడం దర్పం కావచ్చు, ఇక్కడ అలా దిగితే పక్కింటివాళ్లు తలుపేసుకుంటారు.

అయినా పిచ్చి పిచ్చే కదా, తీరే దారులు లేకపోలేదు. 4.5 మి.మీ. బోరు దాటని, గుండు శక్తి 20 జౌల్స్ మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. దాంతో పిట్టలను కొట్టొద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, కాగితపు గురి చాలు. షూటింగ్‌ను ఆటగా పట్టుకొని పేరు తెచ్చుకున్నవాళ్లకు పన్నెండు దాకా ఆయుధాలు ఉంచుకునే వెసులుబాటు ఉంది. చూసి మురవడానికి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది, జగిత్యాల కోట మీద ఫిరంగులు ఎండకూ వానకూ అలాగే పడి ఉన్నాయి. నాకైతే అది చాలు.

తాత భర్మార్‌ను ఏం చేశామంటే, ముందు దాన్ని ముట్టుకోలేదు. పాత భర్మార్‌లలో కూరిన మందు కూరినట్టే ఏళ్ల తరబడి ఉండిపోయే ప్రమాదం ఉంది, సాఫ్ చేద్దామని గొట్టంలోకి తొంగిచూడటం అన్నిటికన్నా తెలివితక్కువ పని. లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆలస్యం చేయకుండా తుపాకీని స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో అప్పగించాలని చట్టంలో ఉంది. మేం చేసిన ఆలస్యం మామూలు ఆలస్యం కాదు కాబట్టి ముందు వకీలును కలిశాం. ట్రంకు పెట్టె అడుగున తాత లైసెన్సు పుస్తకం దొరకడం మా అదృష్టం. స్టేషన్ వాళ్లే ఇంటికి వచ్చి చూసి తీసుకున్నారు, రసీదు రాసిచ్చారు. వారసుడిగా లైసెన్సుకు పెట్టుకోవచ్చని కూడా చెప్పారు. మామ వద్దన్నాడు. "పందులు ఇప్పుడు కరెంటు కంచెకే భయపడ్తలేవు, దీనికి భయపడ్తయా" అన్నాడు.

యెజ్డీ పోయిన దసరాకు నడిచింది. మామను వెనక కూర్చోబెట్టుకొని పరకాల అంగడి దాకా పోయొస్తే దారి పొడవునా నీలం పొగ, పొల్యూషన్ సర్టిఫికెట్‌లో మాత్రం పాసే. పాత బండ్లకు 4.5 శాతం దాకా కార్బన్ మోనాక్సైడ్ ఒప్పుకుంటారు. తుప్పు పట్టి పక్కన పడేసిన దాని పాత సైలెన్సర్ ఒకటి మిగిలితే, నడిమింట్లో ఆ రెండు మేకులు ఖాళీగా ఉన్నాయి కదా అని వాటి మీద అడ్డంగా పెట్టాను. చీకట్లో చూస్తే అచ్చం తుపాకీలాగే ఉందని, తీసెయ్యమని అత్తమ్మ రోజూ గొడవ పెడుతోంది.